వెళ్ళే ముందు చదివి వినిపించాలి

2023 నవంబర్ 20, సోమవారం. ముందు రోజు రాత్రే అహ్మదాబాద్‌లో మనవాళ్ళు వరల్డ్ కప్ ఫైనల్ ఓడిపోయారు. ఇంట్లో ఎవరూ సరిగ్గా మాట్లాడుకోవడం లేదు. పొద్దున్నే వంటింట్లో క్యాలెండర్ ముందు నిలబడి వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. డిసెంబర్ 1 రాత్రికి పాప టికెట్. చేతిలో ఉన్నవి పదకొండు రోజులు.

పాప అంటే నా కడుపున పుట్టిన పాప కాదు. జులై చివర్లో ఒక్క సెమిస్టర్ చదువుకోవడానికి సెంట్రల్ యూనివర్సిటీకి వచ్చిన అమెరికా అమ్మాయి. చరిత్ర చదువుతోంది, ఇరవై ఒక్క ఏళ్ళు. మాది చందానగర్, యూనివర్సిటీకి దగ్గర. తెలిసినవాళ్ళు అడిగితే మేడ మీద గది ఇచ్చాం. తన పేరు ఎక్కడా రాయొద్దని అడిగింది కాబట్టి పాప అనే రాస్తాను. ఇంట్లో కూడా అందరం అలాగే పిలిచాం. నన్ను ఆంటీ అనేది. మా పిల్లల్ని చూసి మా అత్తమ్మని నానమ్మా అనడం మొదలుపెట్టింది.

ఆ పదకొండు రోజులకి నేను పెద్ద పథకమే వేసుకున్నాను. లాడ్ బజార్లో గాజులు, గోల్కొండ ఇంకొకసారి, పోచంపల్లి చీర, మా ఆడపడుచు ఇంట్లో ఒక భోజనం, మా తమ్ముడి ఇంట్లో ఒక భోజనం. టిఫిన్ దగ్గర అదంతా చదివాను. పాప ఇడ్లీ తింటూ ఓపికగా విని, చివర్లో ఒక్కటే అడిగింది.

"ఆంటీ, నాకు ఒక మధ్యాహ్నం పూర్తిగా కావాలి. వెళ్ళే ముందు నానమ్మకి చదివి వినిపించాలి."

అదేంటో చెప్పాలంటే అక్టోబర్‌కి వెళ్ళాలి. సద్దుల బతుకమ్మ రోజు అందరం చెరువు కట్టకి బయల్దేరుతుంటే అత్తమ్మ గుమ్మంలో కూర్చుని, ఎవరితోనో అన్నట్టుగా అంది. "మా అమ్మమ్మ బతుకమ్మ మంచిగ పేరుస్తుండె. గని నీళ్ళల్ల మటుకు ఇడువకపోతుండె. పక్కపొంటి ఉన్నోళ్ళ చేతికిచ్చేది." ఎందుకని పాప అడిగింది. "తుగ్యానీల తమ్ముడు పోయిండు గద, అందుకు" అంది అత్తమ్మ.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఇరవై మూడేళ్ళు. ఆ మాట నేనెప్పుడూ వినలేదు.

తుగ్యానీ అంటే వరద. పాత హైదరాబాద్ వాళ్ళకి తుగ్యానీ అంటే ఒక్కటే, 1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరద. ఊళ్ళో దాదాపు పదిహేను వేల మంది పోయారని అంటారు. అఫ్జల్ వంతెన, ముసల్లం జంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన కొట్టుకుపోయి పురానాపూల్ ఒక్కటే మిగిలింది. ఆ తర్వాతే విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. 1920లో ఉస్మాన్‌సాగర్ (అదే మన గండిపేట), 1927లో హిమాయత్‌సాగర్ కట్టింది మళ్ళీ అలా జరగకూడదనే. గండిపేట నీళ్ళు తాగి పెరిగాం అని గొప్పగా చెప్పుకుంటాం గాని ఆ చెరువు ఏ కన్నీళ్ళకి కట్టారో మనలో ఎంతమందికి గుర్తు? నాకు గుర్తు లేదు. పాప పుణ్యమా అని తెలుసుకున్నాను.

అప్పటికి పాప టర్మ్ పేపర్ ఇంకేదో అంశం మీద ఉంది. వాళ్ళ సార్‌ని అడిగి మార్పించుకుంది. మూడు మధ్యాహ్నాలు అత్తమ్మ పక్కన కూర్చుని, ఫోన్‌లో రికార్డ్ చేసుకుంది. నేను మధ్యలో దుబాసీని. పాప వాళ్ళ దేశంలో ఏడాది తెలుగు నేర్చుకుని వచ్చింది, కానీ అది పుస్తకాల తెలుగు. అత్తమ్మది సగం ఉర్దూ కలిసిన గౌలిగూడ తెలుగు. ఆమె 1939లో పుట్టింది, నాలుగో తరగతి దాకా చదివింది ఉర్దూలోనే. తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటుంది, ఉర్దూ గడగడా చదువుతుంది. వాళ్ళిద్దరి మధ్య నేను తెలుగుని తెలుగులోకి మార్చేదాన్ని. ఈ సంగతి గుర్తుంచుకోండి.

బతుకమ్మ రోజుల్లోనే వాన వచ్చిందని అత్తమ్మ చెప్తే పాప నమ్మేసి ఊరుకోలేదు. పాత పంచాంగం లెక్క తీసి చూసింది. 1908 సెప్టెంబర్ 28 ఆశ్వయుజ శుద్ధ తదియ. అమావాస్య వెళ్ళి మూడో రోజు. సరిగ్గా బతుకమ్మ ఆడే రోజులే. అది చెప్పినప్పుడు అత్తమ్మ మొహం చూడాలి. "మా అమ్మమ్మ అబద్ధం చెప్తదా" అంది. కానీ ఆ కాగితం అడిగి తీసుకుని దిండు కింద పెట్టుకుంది.

ఒకరు తమ బతుకులోని మాట మనకి చెప్తే, రాసుకున్నది మళ్ళీ వాళ్ళకి వినిపించాలి, వాళ్ళు ఔనన్నాకే వాడుకోవాలి, వద్దంటే తీసేయాలి. ఇది పాపకి వాళ్ళ సార్ పెట్టిన నియమం. పేపర్ 28వ తారీకు ఇవ్వాలి. ఈలోగా చదివి వినిపించాలి. నా పథకంలో దానికి చోటు లేదు. పోచంపల్లి కొట్టేశాను.

నిజానికి ఆ వారం సగం తిరుగుళ్ళకే పోయింది. లైబ్రరీ పుస్తకాలు తిరిగి ఇవ్వడం, నో డ్యూస్ కాగితం మీద ఒక్కొక్కచోట సంతకం పెట్టించుకోవడం, మార్కుల పత్రం వాళ్ళ కాలేజీకి నేరుగా పంపమని దరఖాస్తు. వీసా సంగతి మాత్రం తేలిగ్గా ఉంది. 180 రోజులకు మించి ఉండేవాళ్ళకే విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసులో నమోదు, పాపది అంతలోపే. ఇంటివాళ్ళుగా మేం చేయాల్సింది జులైలోనే చేశాం. విదేశీయులు మన ఇంట్లో దిగితే 24 గంటల్లోపు ఆన్‌లైన్‌లో ఫారం సి నింపాల్సి ఉండేది అప్పట్లో. మా ఆయన ఆ రాత్రి పాస్‌పోర్ట్ ఫొటో ఎక్కించలేక ఒంటిగంట దాకా కూర్చున్నాడు.

పుస్తకాల దగ్గర మాత్రం బాగా ఇబ్బంది పడ్డాం. పాప సుల్తాన్ బజార్, కోఠి ఫుట్‌పాత్‌ల మీద కొన్న పుస్తకాలే పదకొండు కిలోలు. ఒక కొరియర్ వాళ్ళు ఇంటికి వచ్చి, తూచి, ఒక ధర చెప్పి డబ్బా తీసుకెళ్ళారు. రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి డబ్బా సైజుని బట్టి బరువు కడతామని రెట్టింపు అడిగారు. అంత ఇవ్వలేమని చెప్తే డబ్బా చిరిగి, మూల నలిగి తిరిగొచ్చింది. పాప ఏడవలేదు గాని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. మర్నాడు పోస్టాఫీసుకి తీసుకెళ్ళాను. విడివిడిగా కట్టి, గుడ్డలో కుట్టి, పుస్తకాల కట్టలుగానే పంపించాం. పిల్లలు ఎవరైనా పుస్తకాలు పంపాలంటే ముందు పోస్టాఫీసులో అడగమనే నేను చెప్తాను.

25వ తారీకు, శనివారం. మర్నాడు సాయంత్రానికి కార్తీక పౌర్ణమి ఘడియలు వస్తాయి. అత్తమ్మ మధ్యాహ్నం భోజనం కాగానే చాప పరిచి, గోడకి ఆనుకుని కూర్చుని ఒత్తులు మొదలుపెట్టింది. ఏడాదికి 365 ఒత్తులు. బజార్లో కట్టలు కట్టి అమ్ముతారు, ఆమె కొననివ్వదు. పత్తిలో నలకలు ఏరి, చిటికెడు లాగి, వేళ్ళకి విభూతి అద్దుకుని, ఎడమ అరచేతిలో పెట్టి కుడిచేత్తో ఒక్క నులుపు నులుముతుంది. సన్నగా, నిటారుగా ఒత్తి తయారవుతుంది. పది కాగానే దారంతో ఒక ముడి. పాప కూడా నేర్చుకుంది. తనవి మధ్యలో లావు, కొసన పీచు. అత్తమ్మ వాటిని కూడా పదిలో కలిపేసేది.

ఆ రోజు పాప ఒత్తులు ముట్టుకోలేదు. నాలుగు పేజీలు పట్టుకుని ఎదురుగా కూర్చుంది. పేపర్ ఇంగ్లిష్‌లోనే. అత్తమ్మ చెప్పిన భాగం మాత్రం వినిపించడానికి విడిగా తెలుగులో రాసుకుంది. కొంత నేను రాసిపెట్టాను.

చదవడం మొదలుపెట్టింది. ఆగి ఆగి, ఒత్తులు దీర్ఘాలు తప్పకుండా. అత్తమ్మ మధ్యలో చిన్న చిన్నవి దిద్దింది. "మిద్దె కాదు బిడ్డా, పెంకుటిల్లు. మిద్దె పక్కింటోళ్ళది. ఆళ్ళ మిద్దె మీదికి ఎక్కిండ్రు." "గంగాళం గాదు, బిందె." పాప పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటూ పోయింది. నాకు కునుకు పట్టేలా ఉంది.

"నిచ్చెన దగ్గరికి వచ్చాక తమ్ముడి చెయ్యి జారింది. నీళ్ళు లాక్కుపోయాయి."

అత్తమ్మ నులమడం ఆపలేదు. "గది మల్ల సదువు."

పాప మళ్ళీ చదివింది.

"జారలే."

పెన్సిల్ ఆగిపోయింది. నేను సర్దుకుని కూర్చున్నాను.

"చెయ్యి జారలే. మా అమ్మమ్మనే ఇడిసింది. ఒక సంకల చంటిపిల్ల ఉండె. ఒక చేతుల తమ్ముడు. నిచ్చెన ఎక్కాల్నంటె ఒక చెయ్యి కావాలె గద."

చేతిలో ఉన్న ఒత్తిని పదిలో పెట్టింది. ఇంకో చిటికెడు పత్తి లాగింది. పాప నా వైపు చూసింది, అనువదించమని కాదు. తనకి అర్థమైందని తన కళ్ళే చెప్పాయి. నాకే గొంతు రాలేదు.

అప్పుడు ఆమె అమ్మమ్మకి పదకొండేళ్ళు. తమ్ముడికి ఆరు. సంకలో చెల్లెలు, ఇంకా పాలు మరవని పిల్ల. అమ్మానాన్న వెనక వస్తున్నారనుకుంది, వాళ్ళు అవతలి గల్లీలో చిక్కుకుపోయారు. ఇవన్నీ మునుపే చెప్పింది. చెప్పనిది ఈ ఒక్కటే. అది కూడా ఆమె అమ్మమ్మ పెద్దయ్యాక, మనవరాలి తొలి కాన్పుకి వచ్చి, పసిగుడ్డుకి తానం పోసి ఒళ్ళో పెట్టుకుని చెప్పిందట. ఆ పసిగుడ్డు మా బావగారు. "గీ చెయ్యి అని చూపెట్టింది నాకు" అని అత్తమ్మ తన కుడిచెయ్యి ఎత్తింది. విభూతి అంటిన వేళ్ళు. "ఎవ్వరికి చెప్పలే నేను. మీ మామకు గూడ చెప్పలే."

అరవై ఏళ్ళకి పైగా ఆమె కడుపులో ఉన్న మాట అది.

పాప చాలాసేపు ఊరుకుంది. తర్వాత తన పుస్తకాల తెలుగులోనే, ఒక్కొక్క మాట వెతుక్కుంటూ అడిగింది. "నానమ్మా, ఇది నేను రాయవచ్చా? వద్దంటే రాయను. చెయ్యి జారింది అన్నది కూడా తీసేస్తాను."

అత్తమ్మ పది ఒత్తులూ పూర్తిచేసి ముడి వేసేదాకా జవాబివ్వలేదు.

"రాయి. గని పిలగాని పేరు రాయకు. మా అమ్మమ్మ తప్పు జేసినట్టు గూడ రాయకు."

పేరు ఆమె మాకు చెప్పనే లేదు. పాప అడగలేదు.

సమ్మతి కాగితం మీద అత్తమ్మ ఉర్దూలో సంతకం పెట్టింది. కుడి నుంచి ఎడమకి, మెల్లగా, ఒక్క చుక్క కూడా మరవకుండా. పాప ఆ సంతకాన్ని చాలాసేపు చూసింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పాప గది తలుపు కొట్టి, అక్టోబర్ రికార్డింగ్ వినిపించమన్నాను. మూడో రోజుది. అత్తమ్మ గొంతు, వెనకాల ఫ్యాన్ చప్పుడు. "నిచ్చెన కాడికొచ్చినంక చెయ్యి ఇడిసింది. ఇగ నీళ్ళు గుంజుకపోయినై." వెంటనే నా గొంతు, పాపకి చెప్తూ, "నిచ్చెన దగ్గరికి వచ్చాక చెయ్యి జారింది."

అంటే ఆమె అప్పుడే చెప్పింది. మార్చింది నేను.

మన మాటల్లో ఎవరు అన్నది చెప్పకుండానే వాక్యం నడిచిపోతుంది. చెయ్యి ఇడిసింది అంటే ఎవరు విడిచారో అడగాలి. నేను అడగలేదు. పదకొండేళ్ళ ఆడపిల్ల తమ్ముడి చెయ్యి విడిచిందన్న మాట నా చెవికి చేరేలోపే నా మనసు దాన్ని మెత్తగా చేసేసింది. కావాలని చేయలేదు. చేశానని కూడా తెలియలేదు. ఆ శనివారం మధ్యాహ్నం లేకపోతే, పాప ఆ మాటని అలాగే తీసుకెళ్ళిపోయేది. అత్తమ్మ అరవై ఏళ్ళ తర్వాత నోరు తెరిచి చెప్పిన నిజం, నా వల్ల మళ్ళీ మూతపడేది.

పాపకి చెప్పాను, తప్పు నాదని. తను నా చెయ్యి పట్టుకుని, "ఆంటీ, నేనూ విన్నాను. నాకు అప్పుడు ఆ మాట రాదు. ఇప్పుడు వచ్చు" అంది. పేపర్‌లో మాత్రం దాచలేదు. మొదటిసారి అనువాదంలో మాట మారిందని, చదివి వినిపించినప్పుడు చెప్పినావిడే సరిదిద్దారని ఒక పేరా రాసింది. అలా రాయమని నేనే అన్నాను.

ఆదివారం సాయంత్రం తులసి దగ్గర 365 ఒత్తుల దీపం వెలిగించాం. నెయ్యిలో తడిసిన కట్ట ముందు చిటపటమని, తర్వాత ఒక్కసారిగా జానెడు మంటై లేచింది. అత్తమ్మ దణ్ణం పెట్టుకుని లేస్తూ, "రేపు నన్ను గా చింతచెట్టు కాడికి తీస్కపోరి" అంది.

ఉస్మానియా ఆస్పత్రి వెనక ఉన్న చెట్టు అది. వరద రోజు 150 మంది దాకా దాని కొమ్మలెక్కి బతికారు. ఏటా సెప్టెంబర్ 28న కొందరు దాని కింద చేరి పోయినవాళ్ళని తలుచుకుంటారు. అత్తమ్మ అఫ్జల్‌గంజ్ వైపు వెళ్ళి పదేళ్ళు దాటింది. మోకాళ్ళ నొప్పులు. అయినా సోమవారం సెలవు, రద్దీ ఉండదని బయల్దేరాం. మియాపూర్‌లో మెట్రో ఎక్కితే ఎంజీబీఎస్ దాకా ఒకటే రైలు, లిఫ్టులున్నాయి. స్టేషన్ మూసీ ఒడ్డునే. రైలు దిగి కిందికి చూస్తే నల్లగా, సన్నగా మూసీ. "గింత నీళ్ళా" అంది అత్తమ్మ.

అక్కణ్ణించి ఆటో. ఆస్పత్రి పాత భవనం 2020 వానలకి నీళ్ళు చొరబడ్డాక మూసేశారు. పెద్ద గుమ్మటాలు మాత్రం అలాగే నిలబడి ఉన్నాయి. చెట్టు మొదలు ఎంత పెద్దదంటే ముగ్గురం చేతులు చాపినా అందదు. మధ్యలో తొర్ర. బెరడు ఏనుగు చర్మంలా ముడతలు పడి ఉంది. కొమ్మలు మాత్రం పచ్చగా, లేత చింతకాయలు వేలాడుతున్నాయి. అత్తమ్మ బెరడు మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. తర్వాత చెట్టుకి వీపు తిప్పి, నది వైపు కాకుండా బజారు వైపు చూసింది.

"ఇల్లు గటు ఉండె. గీ చెట్టు కాడికొచ్చేటంత టైం లేకుండె."

అంతే అంది. పాప ఫొటో తీయలేదు. ఫోన్ సంచిలోనే ఉంది. బయటికొచ్చి ముగ్గురం ఇరానీ చాయ్ తాగాం. పాప అత్తమ్మకి అంజద్ హైదరాబాదీ సంగతి చెప్పింది. ఉర్దూ కవి. ఆ వరదలో తల్లిని, భార్యని, కూతుర్ని పోగొట్టుకుని తానొక్కడే మిగిలాడు. అత్తమ్మకి ఆయన రుబాయీలు తెలుసు, బళ్ళో కంఠతా పట్టించారట. ఆయనకి అలా జరిగిందని మాత్రం తెలియదు. సాసర్లో చాయ్ చల్లారిపోయేదాకా ఆ కవి పేరే పలుకుతూ కూర్చుంది.

లాడ్ బజార్ అక్కడికి దగ్గరే. గాజులు కొందామా అన్నాను. ఇద్దరూ వద్దన్నారు.

28న పాప పేపర్ ఇచ్చేసింది. 29న క్లాసులో చెప్పింది. బాగా జరిగిందని, ఎవరో ఏడ్చారని మాత్రమే చెప్పింది. 30న అసెంబ్లీ ఎన్నికల పోలింగ్. ఎనభై దాటినవాళ్ళకి ఇంటి దగ్గరే ఓటు వేసే వీలు ఆ ఎన్నికల్లో ఇచ్చారు గాని అత్తమ్మ బూత్‌కే వస్తానంది. పాప బయట గేటు దగ్గర నిలబడి ఆమె చెప్పులు, చేతికర్ర చూసుకుంది. ఆడపడుచు ఇంట్లో భోజనం రద్దు చేశాం. ఆవిడే క్యారియర్ పంపింది.

సర్దడం గురించి ఒక మాట. రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు. కొక్కెం ఉన్న చిన్న తూకం పక్కింట్లో అడిగి తెచ్చుకున్నాను. ఒకదాంట్లో బట్టలు. ఇంకోదాంట్లో సకినాలు, నువ్వుల లడ్డూలు, నిమ్మకాయ పచ్చడి రెండు కవర్లు చుట్టి, మా అమ్మాయి ఇచ్చిన చున్నీ. చింతచెట్టు కింద పాప ఏరుకున్న ఎండు కాయ ఒకటి ఉంది. గింజలు తీసుకెళ్ళాలంటే అక్కడ అనుమతులు కావాలని తనే చదివి చెప్పి, దాన్ని అత్తమ్మ కిటికీలో పెట్టేసింది.

ఒకటో తారీకు రాత్రి తొమ్మిదికి కారు. అత్తమ్మ విమానాశ్రయానికి రాలేదు. గుమ్మంలో పాపకి బొట్టు పెట్టి, రవికె గుడ్డ మీద నూట పదహార్లు పెట్టి ఇచ్చింది. పాప వంగి కాళ్ళకి దణ్ణం పెట్టింది. నేను నేర్పలేదు, ఎక్కడ చూసి నేర్చుకుందో.

"మంచిగ తిను బిడ్డా. సన్నగయినవ్."

"తింటా నానమ్మా."

ఔటర్ మీద గంటలోపే శంషాబాద్ చేరుకున్నాం. టికెట్ లేనివాళ్ళని లోపలికి పంపరు కదా, గేటు దగ్గరే ఆగిపోయాం. కాగితాలు చూపించి లోపలికి వెళ్ళాక అద్దాల అవతల నుంచి చెయ్యి ఊపింది. తర్వాత బండి తోసుకుంటూ వెళ్ళిపోయింది. ఇంటికొచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. అత్తమ్మ మేలుకునే ఉంది.

వారం తర్వాత పేపర్ మెయిల్‌లో వచ్చింది. లింగంపల్లిలో జిరాక్స్ తీయించి స్పైరల్ బైండింగ్ చేయించాను. ఇంగ్లిష్‌లో ఉన్న ఆ పుస్తకాన్ని అత్తమ్మ తన ట్రంకు పెట్టెలో, పట్టుచీర మీద పెట్టుకుంది. అప్పుడప్పుడు తీసి, చివరి పేజీలో తన ఉర్దూ సంతకం చూసుకునేది. పదకొండో పేజీ నన్ను తెలుగులో చెప్పమనేది. నేను చెప్పేదాన్ని. మా అమ్మమ్మే చెయ్యి విడిచింది, అని.

2024 అక్టోబర్ 2, పెత్రమాస. ఇంట్లో పెద్దల పేరు మీద బియ్యం ఇవ్వడానికి అయ్యగారిని పిలిచాం. మామగారి పేరు, ఆయన అమ్మానాన్నల పేర్లు, అత్తమ్మ పుట్టింటివాళ్ళ పేర్లు వరసగా చెప్పాం.

"ఇంకెవరన్న ఉన్నరా అమ్మా?" అన్నాడు అయ్యగారు.

అత్తమ్మ ఒక పేరు చెప్పింది. నేను ఆ పేరు వినడం అదే మొదటిసారి.

"గోత్రం?"

"మా అమ్మమ్మ పుట్టింటిది. తెల్వదు అయ్యా."

"వయసెంత?"

"ఆరేండ్లు."

అయ్యగారు తలెత్తి చూసి, ఏమీ అడగకుండా మంత్రం మొదలుపెట్టాడు. అత్తమ్మ రెండు చేతులూ దోసిలిపట్టి బియ్యం పోసింది.

సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మకి పూలు ఏరుతూ పాపకి మెసేజ్ పెట్టాను, నానమ్మ ఇవాళ ఆ పేరు చెప్పింది అని. అక్కడ పొద్దున్న అయ్యుంటుంది, వెంటనే జవాబు వచ్చింది, తెలుగు అక్షరాల్లోనే.

"సంతోషం ఆంటీ. నాకు మాత్రం చెప్పవద్దు. నానమ్మ రాయవద్దన్నది కదా."